నునుపు మీద మోజు

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దారిలో పొద్దున పూట కాసేపు నిలబడితే చాలు, మోపెడ్‌ని తయారుచేసినవాళ్లు కలలో కూడా అనుకోని పనులు ఎన్ని ఉన్నాయో కళ్లారా చూడొచ్చు. కాళ్ల దగ్గర ఒక బస్తా, వెనక క్యారేజీకి అటొకటి ఇటొకటి, వాటి మీద అడ్డంగా ఇంకొకటి, వీటన్నిటి మధ్య ఎక్కడో మనిషి. రావులపాలెం వైపు వెళ్తే కాయల బదులు అరటి గెలలు. సఖినేటిపల్లి వైపు వెళ్తే చేపల ట్రేలు. బండి మాత్రం అదే, టీవీఎస్. ఇక్కడ ఎవరూ దాన్ని మోపెడ్ అనరు, ఎక్సెల్ అనడం కూడా తక్కువే. టీవీఎస్ అంటే ఆ బండే, కంపెనీ ఇంకెన్ని రకాలు తయారుచేస్తే మాకేం.

అలాంటి బండి ఇంజను హెడ్డు విప్పి, లోపల గాలి నడిచే దారిని అరగదీసి నున్నగా చేసే పోర్టింగు పని ఇంట్లో పెట్టుకున్నానంటే మా వీధిలో వచ్చే మొదటి ప్రశ్న "ఎందుకండీ?" అని. రెండో ప్రశ్న ఉండదు, వెటకారం ఉంటుంది. "రేసుకెప్పుడండీ మాస్టారూ, చెప్తే మేమూ వచ్చి చప్పట్లు కొడతాం, ఆయ్!" గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి దీనికి కోపం తెచ్చుకునే హక్కు లేదు. నేనైనా అవతల ఉంటే అదే అందును.

ఎందుకన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఈ బండి సంగతి కొంచెం చెప్పాలి.

మోపెడ్ మనకి బయట ఊళ్ల సొత్తేమీ కాదు. ఫ్రాన్సు దేశపు మోటోబెకాన్ కంపెనీ లైసెన్సుతో మన తిరుపతిలోనే మోపెడ్స్ ఇండియా వాళ్లు సువేగ బండిని తయారుచేశారు. పెద్దవాళ్లలో ఆ పేరు చెబితే ఇప్పటికీ మొహం వెలిగేవాళ్లున్నారు. 1972లో పుణె నుంచి లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది, ఇద్దరు ఎక్కే మోపెడ్ అని. ఇద్దరన్నది కంపెనీ లెక్క. మా కాలవ గట్ల మీద లెక్క వేరు.

వీటన్నిటిలో ఉన్నది టూ స్ట్రోక్ ఇంజను. దాని హెడ్డు విప్పి చూస్తే ఏమీ ఉండదు. లోపలివైపు గిన్నెలా చిన్న గుంట, మధ్యలో ప్లగ్గు బిగించే మర, అంతే. వాల్వులు లేవు. గాలి లోపలికి వచ్చే దారీ పొగ బయటికి పోయే దారీ రెండూ కింద సిలిండరు గోడలోనే కిటికీల్లా తొలిచి ఉంటాయి. పిస్టనే పైకీ కిందికీ ఆడుతూ వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అందుచేత టూ స్ట్రోక్ బండికి "హెడ్డు పోర్టింగు చేశాం" అని ఎవరైనా అంటే, మసి గోకి మెరిపించారని అర్థం చేసుకోవాలి. అది కూడా తక్కువ పనేం కాదు. ఆయిలు కలిపిన పెట్రోలు తాగే ఇంజను కాబట్టి పొగ కిటికీ దగ్గరా, సైలెన్సరులోనూ కార్బన్ పేరుకుపోతుంది. సైలెన్సరు విప్పి మంటలో వేసి కాల్చి, చల్లారాక దులిపి బిగిస్తే, అప్పటిదాకా మూలిగిన బండి పరిగెత్తేది. ఆ రోజుల్లో మెకానిక్ షెడ్డు వెనక ఆ వాసన ఎరగనివాళ్లు లేరు.

కాలుష్యం నిబంధనలు బిగిసేకొద్దీ ఆ ఇంజనుకి నూకలు చెల్లాయి. 2015లో ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో వచ్చింది. 2020 ఏప్రిల్ తరవాత వచ్చినవాటికి కార్బొరేటరు కూడా పోయి, ఇంజక్షన్ వచ్చింది. నా దగ్గరున్నది ఈ రెంటికీ మధ్యది, ఫోర్ స్ట్రోకూ కార్బొరేటరూ రెండూ ఉన్నది. అంటే హెడ్డులో రెండు వాల్వులు, వాటికి రెండు దారులు, ఆ దారుల్లో ఒక్కో మలుపు. పోర్టింగు అన్న మాటకి అర్థం ఉన్న బండి.

హెడ్డు విప్పి కిరసనాయిలు వాసనతో అరుగు మీద పెట్టుకున్నాక, కార్బొరేటరు బిగించే వైపు నుంచి చూపుడు వేలు లోపలికి పెడితే అసలు సంగతి వేలికి తెలుస్తుంది. మొదట్లో దారి తిన్నగా, ఫరవాలేదనిపించేలా ఉంటుంది. తరవాత ఒక గీత తగులుతుంది. అల్యూమినియం పోత పోసినప్పుడు రెండు అచ్చులు కలిసిన చోట మిగిలిపోయిన అంచు. ఇంకొంచెం లోపలికి వెళ్తే వాల్వు గైడు కోసం ఉంచిన గూడు దారిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ పక్కనే దారి ఒక్కసారిగా కిందికి తిరుగుతుంది. ఆ మలుపు లోపలి మూల దగ్గర, సరిగ్గా వాల్వు సీటు మొదలయ్యే చోట, వేలు దూరదు. గోరు దూరుతుంది. ఇంజను మంచి చెడ్డలన్నీ ఆ గోరు దూరే చోటే ఉన్నాయి.

ఇక్కడ ఒక లెక్క. ఈ ఇంజను 99.7 సీసీ. నిమిషానికి 6,000 సార్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి ఊపిరి పీలుస్తుంది, అంటే సెకనుకి 50 సార్లు. నిండుగా పీలిస్తే సెకనుకి 5 లీటర్ల గాలి. దారి అడ్డకొలత 20 మిల్లీమీటర్లనుకుందాం, వాల్వు తెరిచి ఉండేది మొత్తం కాలంలో నాలుగో వంతు చిల్లర. గుణించి భాగిస్తే ఆ దారిలో గాలి వేగం సెకనుకి 60 మీటర్ల దరిదాపుల్లో తేలుతుంది. గంటకి 200 కిలోమీటర్ల పైమాటే. బండి ఎంత రైజు చేసినా గంటకి 60 దాటడానికి ఆపసోపాలు పడుతుంది, దాని గొంతులో గాలి మాత్రం తుపానులా వీస్తోంది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి ఇక్కడ ఉన్నవాళ్లకి ఆ వేగం ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు.

అంత వేగంతో వచ్చే గాలి మలుపు దగ్గర ఏం చేస్తుందన్నదే పోర్టింగు విద్య అంతా. దానికి నాకు ఇంగ్లీషు పుస్తకాల బొమ్మల కంటే మా కాలవలే బాగా అర్థమయ్యేలా చెప్పాయి. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలవను రాజోలు వైపు దాటించడానికి కాటన్ దొర దగ్గర పనిచేసిన హేగ్ అనే కుర్ర ఇంజనీరు 1850ల్లో అక్విడక్టు కట్టాడు. ఇప్పుడున్నది కొత్తది, డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. కాలవను అలాంటి కట్టడంలోకి మళ్లించేటప్పుడు ఇంజనీర్లు దాన్ని కొంచెం కొంచెంగా సన్నం చేస్తారు. సన్నబడిన చోట నీళ్లు వడిగా పోతాయి, వడిగా పోతే మట్టి దిగదు. అదే కాలవను ఊరి బయట ఎవరో ఉత్సాహం కొద్దీ వెడల్పు చేస్తే అక్కడ నీళ్లు బద్ధకిస్తాయి, ఒండ్రు పేరుకుంటుంది, తూటికాడ మొలుస్తుంది. ఇక మలుపు దగ్గర చూడండి. నీళ్లు బయటి గట్టునే ఒరుసుకుంటూ పోతాయి, లోపలి గట్టు వెనక సుడి తిరుగుతూ నిలబడిపోతాయి. మలుపు ఎంత కొట్టినట్టుంటే సుడి అంత పెద్దది. చూడ్డానికి కాలవ పూర్తి వెడల్పుంది, నడిచే కాలవ అందులో సగమే.

గాలికి కూడా అంతే. దారిని 20 మిల్లీమీటర్ల నుంచి 22కి పెంచామనుకోండి, రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. వైశాల్యం నూటికి 21 పాళ్లు పెరుగుతుంది, గాలి వేగం ఆ మేరకు చచ్చిపోతుంది. వేగం చచ్చిన గాలి పెట్రోలు తుంపరను మోసుకురాలేదు. తుంపర గోడలకి అంటుకుని బొట్లు బొట్లుగా కారుతుంది. బండి ఒకసారి ఎండిపోతుంది, ఒకసారి ముక్కుతుంది. పెంచింది దారి, తగ్గింది ఊపిరి.

అందుకే ఈ పనిలో అసలు తియ్యాల్సింది చాలా తక్కువ. అచ్చు గీతలు తీసెయ్యాలి. కార్బొరేటరు పైపూ హెడ్డూ కలిసే చోట ఒక దాని నోరు ఇంకొక దానికంటే మిల్లీమీటరు లోపలికి ఉంటే ఆ మెట్టుని పోగొట్టాలి. గైడు గూడుని గాలికి ఎదురుగా ఉన్న వైపు కొంచెం కోసుగా దిద్దాలి. మలుపు లోపలి మూలలో పదును పోగొట్టి గుండ్రం తేవాలి, లోతు తవ్వకూడదు. చిన్న గ్రైండరుకి కార్బైడు బిట్టు పెట్టి చేస్తే అల్యూమినియం బిట్టు పళ్లలో మైనంలా పూడుకుపోతుంది, మాటిమాటికి కిరసనాయిల్లో ముంచాలి. నాకు మటుకు వెదురు పుల్ల చివర చీల్చి, ఆ చీలికలో ఉప్పుకాగితం దూర్చి చుట్టి, చేత్తో తిప్పడమే ఇష్టం. ఆలస్యమే, కానీ ఆ ఆలస్యమే కాపాడుతుంది. గ్రైండరు ఒక్క క్షణంలో తినేసిన లోహాన్ని మళ్లీ అతికించే విద్య ఇంటి అరుగు మీద లేదు.

ఇక మోజు సంగతి. పని మొదలెట్టిన ప్రతివాడికీ చెయ్యి మెరుపు వైపే లాగుతుంది. 80 నంబరు ఉప్పుకాగితం తరవాత 120, తరవాత 400, ఆపైన గుడ్డా పాలిషూ. లోపల మొహం కనిపించేదాకా రుద్దితే గానీ ప్రాణం ఒప్పుకోదు. ఫోటో తీస్తే నలుగురూ అబ్బా అనేది కూడా ఆ మెరుపు చూసే. కానీ లోపలికి వచ్చే గాలి దారికి ఆ మెరుపు అక్కర్లేదు. 80, 120 నంబర్ల దగ్గర ఆగిపోతే, ఆ సన్నని గరుకు తుంపరను గోడకి అంటుకోకుండా విడగొట్టడానికి అంతో ఇంతో సాయపడుతుందని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. సాయపడకపోయినా అద్దంలా మెరిసినందువల్ల గాలి ఎక్కువ వచ్చేదేమీ లేదు. పొగ పోయే దారిని, ప్లగ్గు ఉన్న గుంటని మెరిపిస్తే కొంత లాభం ఉంది, మసి అంత తొందరగా పట్టదు. అదీ కొన్నాళ్లే. ఎవరి కంటికీ కనిపించని చోట, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగేసరికి నల్లబడిపోయే చోట, మనిషి అద్దం చేస్తున్నాడంటే అది ఇంజను కోసం కాదని ఒప్పుకోవాలి. ఒప్పుకుని చేస్తే తప్పు లేదు. గుడి గోపురం మీద కింద నుంచి ఎవరికీ కనిపించని బొమ్మకి కూడా శిల్పి వేళ్లకి గోళ్లు చెక్కాడు కదా అని నా వాదన. మా ఆవిడ మాత్రం, "ఆ రుద్దేదేదో ఇత్తడి గుండిగలు రుద్దండి, పండగకి కనిపిస్తాయి" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

మెరుపు కంటే వంద రెట్లు ముఖ్యమైన పని ఇంకోటుంది, దాని ఫోటో ఎవరూ తీయరు. వాల్వు సీటు. వాల్వు తలకాయ అంచూ హెడ్డులోని సీటూ చుట్టూతా ఒక్క చోట కూడా వదలకుండా కలుసుకోవాలి. వదిలితే కుదింపు కారిపోతుంది. పొగ వాల్వు అయితే మరీ, వేడి తగ్గించుకునే దారి ఆ సీటే కాబట్టి, సరిగా ఆనకపోతే కాలిపోతుంది. గ్రైండింగు పేస్టు అంచుకి పల్చగా రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రను వాల్వుకి అతికించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. మొదట గరగరమని ఇసక నమిలిన చప్పుడు. పేస్టు నలిగేకొద్దీ చప్పుడు సన్నబడి, చివరికి తడి గుడ్డ ఈడ్చినట్టు అవుతుంది. అప్పుడు తీసి తుడిచి చూస్తే చుట్టూ బూడిద రంగులో ఒకే వెడల్పున ఉంగరం కనిపించాలి. ఎక్కడైనా ఉంగరం తెగితే మళ్లీ మొదలు. ఆ తరవాత వాల్వు బిగించి, దారిలో పెట్రోలు పోసి ఊరుకోవాలి. సీటు దాటి చెమ్మ రాకపోతే పాసు. మా మెకానిక్ షెడ్డులో పెద్దాయన హెడ్డు చూడ్డానికి వచ్చి, మెరుపుని కన్నెత్తి చూడలేదు. ఈ ఉంగరాన్ని వెలుగుకి తిప్పి తిప్పి చూసి, "ఇదొక్కటీ చేసుంటే సరిపోయేదండీ" అన్నాడు. నిజమే కాబట్టి కొంచెం కష్టంగానే ఉంది.

గుంట కొలవడం ఇంకో సరదా. మందుల షాపులో సిరంజి కొనుక్కుని, వాల్వులూ ప్లగ్గూ బిగించిన హెడ్డుని తలకిందులుగా సమంగా నిలబెట్టి, అంచుకి గ్రీజు రాసి, కన్నం ఉన్న ప్లాస్టిక్ పలక ఆనించి, ఆయిలు ఎక్కిస్తూ పోతే గుంటలో ఎన్ని సీసీలు పడుతుందో తెలిసిపోతుంది. కుదింపు పెంచుదామని హెడ్డు అడుగుని అద్దం మీద ఉప్పుకాగితం పరిచి రుద్దేవాళ్లు ఈ కొలత తీసుకుని గానీ దిగకూడదు. ఈ ఇంజను బోరు 51 మిల్లీమీటర్లు. గుంట నోరు బోరంత ఉందనుకుంటే అర మిల్లీమీటరు తీసిన చోట ఒక సీసీ తగ్గిపోతుంది. కుదింపు 9 వంతులున్న 100 సీసీ ఇంజనులో పిస్టను పైకొచ్చినప్పుడు మిగిలే చోటే మొత్తం పన్నెండున్నర సీసీలు. అందులో ఒకటి పోయిందంటే 9 కాస్తా 9.7 అవుతుంది. మే నెల ఎండలో మూడు బస్తాల బరువుతో ఎత్తు గట్టు ఎక్కేటప్పుడు ఇంజను లోపల టకటకమని నాకింగు వినిపిస్తే, అది ఈ అర మిల్లీమీటరు పాపం కావచ్చు. నేను అడుగుని సమం చేసి వదిలేశాను.

రేసు ఇంజన్ల వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది, అలాగే పారేయవలసిందీ ఉంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీకి వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఉండేవాడు. డబ్బూ సామానూ అంతంతమాత్రమే. అయినా టూ స్ట్రోక్ కిటికీల్ని దిద్ది, సైలెన్సరు లోపల అలల లెక్క కట్టి, 1961 నాటికి 125 సీసీ ఇంజనులోంచి 25 హార్స్ పవర్ తీశాడు. లీటరుకి 200. అంతకు ముందు అలాంటిది ఎవరూ చెయ్యలేదు. ఆ ఏడే అతని రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి అటునుంచటే పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. గుప్పెడు ఇనుములో ఉన్న రహస్యం కోసం అంత కథ నడిచింది. అదే లెక్కన మా పాత ఎక్సెల్ సూపరు 70 సీసీలకి 14 హార్స్ పవర్ రావాలి. కంపెనీ ఇచ్చింది మూడున్నర.

కంపెనీవాళ్లకి చేతకాక కాదు. కాడెన్ ఇంజను ఆ బలాన్ని నిమిషానికి 10,000 చుట్లు దాటాక, ఆ చుట్టుపక్కల కాసింత మేరలోనే ఇచ్చేది. కిందికి దిగితే ఏమీ ఉండదు. దాన్ని ఆ మేరలో ఉంచడానికి రైడరు గేర్లు మారుస్తూనే ఉండాలి. మా బండికి గేర్లే లేవు. ఆటోమేటిక్ క్లచ్చు, ఒకటే గేరు. నిలబడ్డ చోటి నుంచి బస్తాలతో కదలాలన్నా, కాలవ గట్టు ఎక్కాలన్నా, పంటు దిగి రేవు ఎత్తు లాగాలన్నా అదే. అందుకే ఎక్సెల్ 100 గరిష్ఠ లాగుడు 6.5 న్యూటన్ మీటర్లు 3,500 చుట్ల దగ్గరే పెట్టారు. పోర్టు పెంచి, రేసు బండిలా పైన పరిగెత్తించామా, ఆ కింది లాగుడు పోతుంది. ఖాళీ బండి మీద నాలాంటివాడు హైవే ఎక్కినప్పుడు భలే ఉంటుంది. కొబ్బరి కాయలవాడు గట్టు మధ్యలో దిగి తోసుకుంటాడు. పెద్దాయన మాటల్లో చెప్పాలంటే, "దీనికి పరుగు దేనికండీ, లాగాలి గానీ."

ఇంతకీ నా బండికి ఏమైంది అంటారా. గరిష్ఠ వేగం ముందెంతో ఇప్పుడూ అంతే. ఖాళీగా ఆడేటప్పుడు ఇదివరకటి వణుకు తగ్గింది, తక్కువ స్పీడులో రైజు ఇస్తే ముక్కకుండా అందుకుంటోంది. ఇందులో సీటు వాటా ఎంతో, మలుపు వాటా ఎంతో, విప్పిన పాపానికి కొత్తగా వేసిన గాస్కెట్ల వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. మెరుపు వాటా సున్నా అని నేను చెప్పగలను.

మా వీధి చివర కాయల వ్యాపారం చేసే అబ్బాయి బండిని మార్కెట్టు దాకా తోలి చూసి వచ్చాడు. మెచ్చుకున్నాడు కూడా. "బాగా అందుకుంటోందండి మాస్టారూ. మా బండికీ చేసి పెట్టండి. ఇంకో బస్తా పడుద్దాండి?" అన్నాడు. పడదయ్యా అని, హెడ్డు బాగుపడినంత మాత్రాన చిన్న డ్రమ్ము బ్రేకులు పెద్దవైపోవనీ, చైనూ టైరూ అవేననీ, వంతెన దిగేటప్పుడు ఆపాల్సింది ఇంజను కాదనీ చెప్పుకొచ్చాను. ఓపిగ్గా విన్నాడు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. అని, క్యారేజీకి ఇంకో రెండు కడ్డీలు అతికించుకోడానికి వెల్డింగు షాపు వైపు బండి తిప్పాడు.